సైకిల్ బీటు వాళ్ల తరఫున ట్రేడ్ షోకి వెళ్తే ఏం చూడాలి?

ఈసారి ఉత్తరాలు ఎక్కువగా ఒకే విషయం మీద వచ్చాయి. చెన్నైలో సైకిల్ కంపెనీల ట్రేడ్ షో ఉందని తెలిసి, డ్యూటీలో సైకిల్ తొక్కేవాళ్లు, తొక్కబోయేవాళ్లు, వాటిని బాగుచేసేవాళ్లు కూడా రాశారు. నేను నెల్లూరులో కానిస్టేబుల్‌గా చేరిన కొత్తలో బీటుకి, అంటే గస్తీ తిరగడానికి, సైకిలే దిక్కు. హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యాక ఇలాంటి షోలకి రెండుసార్లు పనిగట్టుకుని వెళ్లొచ్చాను. అందుకని ఈ పేజీ మొత్తం దీనికే ఇచ్చేశాను.

ప్రశ్న: అన్నా, నేను నెల్లూరు టౌన్‌లో హెడ్ కానిస్టేబుల్‌ని. పెద్ద బజారు, చిన్న బజారు, ట్రంకు రోడ్డు వెనక సందుల్లో రాత్రీ పగలూ బీటుకి గేరు సైకిళ్లు పది తీసుకుందామని పైవాళ్లు అనుకుంటున్నారు. నన్ను చెన్నై పోయి చూసి, ఏవి బాగుంటాయో రాసుకుని రమ్మన్నారు. చిన్నప్పుడు తొక్కడం తప్ప నాకు సైకిల్ గురించి పెద్దగా తెలియదు. ఏం చూడాలి, ఏం అడగాలి? టెన్షన్‌గా ఉంది.
— ఒక హెడ్ కానిస్టేబుల్, నెల్లూరు

జవాబు: తమ్ముడూ, సైకిల్ గురించి తెలిసినవాళ్లు ఆ హాల్లో వందలమంది ఉంటారు. రాత్రి రెండు గంటలకి పెద్ద బజారు సందులో ఏం జరుగుతుందో తెలిసినవాడివి మాత్రం నువ్వే. అది వాళ్లకి చెప్పడానికే పోతున్నాననుకో, సగం టెన్షన్ పోతుంది.

ముందు ట్రేడ్ షో అంటే ఏంటో చెబుతాను. మన వీఆర్సీ గ్రౌండ్‌లో పెట్టే ఎగ్జిబిషన్‌కి టికెట్టు కొని పోయి, నచ్చింది కొనుక్కుని వస్తాం కదా, ఇది అట్లా ఉండదు. కంపెనీలు డీలర్ల కోసం పెట్టుకునే సంత ఇది. మొదటి ఒకటి రెండు రోజులు వ్యాపారస్తులకే, ఆ తర్వాత మామూలు జనాన్ని రానిస్తారు, కొన్నిచోట్ల అసలు రానివ్వరు. అందుకని ముందే పేరు నమోదు చేయించుకుని, మీ ఆఫీసు నుంచి ఒక లెటర్ రాయించుకుని జేబులో పెట్టుకో. జనం వచ్చే రోజున పోతే తోపులాటే తప్ప ఎవరూ నిలబడి మాట్లాడరు. మొదటి రోజు ఉదయం కూడా వద్దు, పెద్ద డీలర్లు ఆర్డర్లు రాయించే టైమ్ అది. భోజనాలయ్యాక స్టాళ్లు కాస్త తెరిపిన పడతాయి. పొద్దున పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మధ్యాహ్నానికి చెన్నైలో ఉంటావు, సరిగ్గా సరిపోతుంది.

స్టాల్లో నిన్ను అడిగే మొదటి మాట "ఏడాదికి ఎన్ని పీసులు తీసుకుంటారు?" అని. పది అనగానే ఆ కుర్రవాడి చూపు నీ వెనక వచ్చేవాళ్ల మీదికి పోతుంది. బాధపడొద్దు, లెక్క పెంచి అబద్ధం కూడా చెప్పొద్దు. "మీ టెక్నికల్ మనిషి ఎవరైనా వచ్చారా?" అని అడుగు. ఆయన వస్తే నీ లెక్క చెప్పు: షిఫ్టుకి ఎనిమిది గంటలు, ఒకే సైకిల్‌ని మూడు షిఫ్టుల్లో ముగ్గురు తొక్కుతారు, ఎనభై కిలోల మనిషి, వెనక పన్నెండు కిలోల సామాను, ఎండాకాలం వానాకాలం తేడా లేదు. ఇంట్లో కొనుక్కున్న సైకిల్ ఏడాదిలో తిరిగే దూరం నీ సైకిల్ ఒకటి రెండు నెలల్లో తిరుగుతుంది. ఈ మాట వినగానే టెక్నికల్ మనిషి కుర్చీ లాగి కూర్చోమంటాడు, ఎందుకంటే వాళ్ల వస్తువు ఎక్కడ విరుగుతుందో ముందు తెలిసేది నీలాంటివాళ్ల దగ్గరే.

ఇక నా అనుభవం. మొదటిసారి నేను ఉత్త చేతులతో పోయాను. హాల్లో కార్పెట్ పరిచిన చిన్న రౌండు ఉంటుంది, అందులో ఒక సైకిల్ ఎక్కి రెండు చుట్లు తిరిగాను. పువ్వులాగా ఉంది. వచ్చి గట్టిగా చెప్పి మా వాలంటీర్ల బృందానికి అలాంటివే ఐదు కొనిపించాను. దసరాకి బందోబస్తులో సాయం చేయడానికి వాటికి సంచులు కట్టి దిగారు మా పిల్లలు. మూడో రోజుకి రెండు సైకిళ్ల వెనక క్యారియర్ బోల్టులు తెగిపోయాయి. చూస్తే ఆ ఫ్రేముకి క్యారియర్ బిగించడానికి మరలు కోసిన రంధ్రాలే లేవు, ఏదో క్లాంపుతో పట్టించారు. సైడు స్టాండు బరువుకి మెత్తబడి, ఆపిన సైకిల్ ఆపినట్టే పక్కకి ఒరిగిపోయేది. అందులో ఒకటి ఒక ముసలాయన కాలి మీద పడింది. ఆయన పెద్ద మనసుతో పోనీలే అన్నాడు గానీ, నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

రెండోసారి పోయేటప్పుడు ఒక ఖాకీ గుడ్డ సంచి తీసుకున్నాను. రెండు వైపులా వేలాడేది, పాత పోస్టుమాన్ల సంచిలాంటిది. పాలిథిన్ కవర్లలో ఇసుక పోసి, తాళ్లు కట్టి, కిరాణా కొట్టు కాటా మీద సరిగ్గా పన్నెండు కిలోలు తూచి రెండు వైపులా సమానంగా సర్దాను. గేటు దగ్గర సెక్యూరిటీ అబ్బాయి విప్పి చూసి, కవరు ఒకటి చేత్తో నొక్కి, ఇదేందని తమిళంలో అడిగాడు. లెటర్ చూపించి చెప్పాను, వాళ్ల ఆఫీసర్ని పిలిచాడు, పావుగంటకి లోపలికి వదిలారు.

ఏడు స్టాళ్లలో అడిగితే మూడు చోట్ల మాత్రమే సంచి వేసి తొక్కనిచ్చారు. ఆ మూడింటిలోనే నాకు కావాల్సినదంతా తెలిసిపోయింది. మొదటి సైకిల్ మీద పెడల్ తొక్కిన ప్రతిసారీ నా మడమ సంచికి తగులుతోంది, ఎందుకంటే వెనక చక్రం పెడల్‌కి మరీ దగ్గరగా ఉంది. ఎనిమిది గంటలు అట్లా తొక్కితే మనిషి కాలు పక్కకి పెట్టి తొక్కడం అలవాటు చేసుకుంటాడు, మోకాలు పోతుంది. రెండోది ఎక్కగానే ముందు చక్రం తేలికై హ్యాండిల్ వణికింది. మూడోది బరువుగా, చూడటానికి మొద్దుగా ఉంది గానీ సంచి ఉన్నట్టే తెలియలేదు. స్టాండు వేసి వదిలి, హ్యాండిల్ అటూ ఇటూ తిప్పి, సీటు మీద చేత్తో నొక్కాను, కదల్లేదు. మళ్లీ కొనాలంటే నేను దాన్నే చెబుతాను. నువ్వు కూడా సంచి తీసుకుపో తమ్ముడూ. మిగతావి మర్చిపోయినా ఫరవాలేదు, ఇది మాత్రం మర్చిపోవద్దు.

ఇక చిన్నవి కొన్ని. వెనక చక్రం గాల్లోకి ఎత్తి తిప్పు, పెడల్ వదిలెయ్. వెనక పళ్లచక్రం లోపలి ఫ్రీవీల్ టకటకమని ఎంత చప్పుడు చేస్తుందో విను. పగలు పట్టించుకోం గానీ రాత్రి సందులో ఆ చప్పుడు నీకంటే ముందు పోయి దొంగకి కబురు చెబుతుంది. బయట దేశాల్లో పోలీసుల కోసం చప్పుడు లేని హబ్బులు, అంటే చక్రం నడిమధ్య భాగాలు, అమ్ముతున్నారు, ఉందా అని అడుగు. హబ్బులో మామూలు గోళీలా, మూసి ఉన్న బేరింగా అనేది కూడా అడుగు. వానొస్తే మన ఆత్మకూరు బస్టాండ్ అండర్‌బ్రిడ్జిలో నీళ్లు నిలుస్తాయి కదా, అందులో నాలుగుసార్లు దిగి లేస్తే గోళీల హబ్బుకి గ్రీసంతా కొట్టుకుపోతుంది, వెంటనే ఓవరాయిలింగ్ చేయించకపోతే గరగరమంటుంది.

బ్రేకుల సంగతికొస్తే, డిస్కు బ్రేకు మంచిదే, వానలో కూడా పట్టుకుంటుంది. అందులో కేబుల్‌తో పనిచేసేవి ఉన్నాయి, ఆయిల్‌తో పనిచేసేవి ఉన్నాయి. ఆయిల్‌వి మెత్తగా నొక్కినా గట్టిగా పడతాయి. కానీ ఆయిల్‌లో రెండు రకాలు. కొన్ని కంపెనీలు మినరల్ ఆయిల్ వాడతాయి, షిమానో అట్లాంటిదే. కొన్ని కారు బ్రేకుల్లో పోసే డాట్ ఫ్లూయిడ్ వాడతాయి. ఒకదానిలో పోయాల్సింది ఇంకోదానిలో పోస్తే లోపలి రబ్బరు వాషర్లు పాడైపోతాయి. నీ స్టేషన్ దగ్గరున్న మెకానిక్‌కి ఈ తేడా తెలిసి, గాలి బుడగలు తీసే సామాను ఉంటే ఆయిల్ బ్రేకు తీసుకో. లేదంటే కేబుల్ డిస్కు చాలు, అది తెగినా పది నిమిషాల్లో మార్చేస్తారు.

ఆఖరుగా వారంటీ. చాలా కంపెనీల వారంటీ కాగితంలో చిన్న అక్షరాల్లో, వ్యాపారానికీ అద్దెకీ వాడితే వర్తించదని ఉంటుంది. పోలీసు డ్యూటీ అందులోకి వస్తుందా రాదా అని అడిగి, జవాబు నోటిమాటగా వద్దు, కాగితం మీద రాయించుకో. ధర గురించి అక్కడ బేరం పెట్టుకోకు. కొనేది నువ్వు కాదు, ఎలాగూ ప్రభుత్వ ఈ-మార్కెట్ పోర్టల్‌లోనో టెండర్‌లోనో జరగాల్సిందే. అక్కడ ఏం రాయాలో తెలుసుకుని రావడమే నీ పని. "గేరు సైకిల్, మంచి క్వాలిటీ" అని రాస్తే తక్కువ ధర కోట్ చేసినవాడు ఏదో ఒకటి అంటగడతాడు. "క్యారియర్‌కి ఫ్రేములోనే మరల రంధ్రాలు, పాతిక కిలోలు మోసే క్యారియర్, రెండు కాళ్ల స్టాండు" అని రాస్తే అదే ఇవ్వాలి.

ప్రశ్న: సార్, నేను ఒంగోలులో మహిళా కానిస్టేబుల్‌ని. మాకు ఇచ్చిన సైకిళ్లన్నీ మగవాళ్ల కొలతకే ఉన్నాయి. కాలు నేలకి అందదు, బ్రేకు వేళ్లకి అందదు. సీటు వల్ల కూడా చాలా ఇబ్బందిగా ఉంది, ఎవరితో చెప్పుకోవాలో తెలియడం లేదు. షోకి వెళ్లేవాళ్లకి మా తరఫున ఏం చెప్పమంటారు?
— పేరు వద్దు, ఒంగోలు

జవాబు: అమ్మా, మంచిపని చేశావు రాసి. మన రాష్ట్రంలో కానిస్టేబుల్ సెలక్షన్‌కి మగవాళ్లకి కనీసం 167.6 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి, ఆడవాళ్లకి 152.5. అంటే రూల్ ప్రకారమే పదిహేను సెంటీమీటర్ల తేడా ఉంది. అయినా సైకిళ్లు కొనేటప్పుడు పదీ ఒకే సైజులో కొంటారు. సైకిల్ ఫ్రేములు రకరకాల సైజుల్లో వస్తాయి, అడిగితే ఇస్తారు, అడగాలనే ఆలోచన రాకపోవడమే సమస్య.

షోకి వెళ్లేవాళ్లు పోయే ముందు సైకిల్ తొక్కబోయే ప్రతి మనిషి కొలతా తీసుకోవాలి. గోడకి ఆనుకుని డ్యూటీ బూట్లతో నిలబడి, రెండు కాళ్ల మధ్య ఒక పుస్తకం పైకి ఆనించి పట్టుకుని, నేల నుంచి పుస్తకం అంచు దాకా టేపుతో కొలిస్తే చాలు. ఆ నంబరు స్టాల్లో చెబితే ఏ సైజు ఫ్రేము అన్నది వాళ్లే చెబుతారు. సైకిల్ మీద రెండు కాళ్లు అటూ ఇటూ వేసి నిలబడినప్పుడు పై గొట్టానికీ మనిషికీ మధ్య నాలుగు వేళ్ల ఖాళీ ఉండాలి. హఠాత్తుగా దిగాల్సి వస్తే దెబ్బ తగలకుండా కాపాడేది ఆ ఖాళీయే. బ్రేకు పిడి దగ్గర చాలా సైకిళ్లకి చిన్న మర ఉంటుంది, అది తిప్పితే పిడి హ్యాండిల్‌కి దగ్గరగా వస్తుంది. నీ ఇప్పటి సైకిల్‌కే అది ఉండొచ్చు, రేపు పొద్దున చూడు.

సీటు సంగతి సిగ్గుపడాల్సిన విషయం కాదమ్మా, ఇది ఉద్యోగంలో వచ్చే ఆరోగ్య సమస్య. అమెరికాలో పనిచేసే చోట్ల ఆరోగ్యం మీద పరిశోధన చేసే ప్రభుత్వ సంస్థ నియోష్ అని ఉంది. సైకిల్ మీద గస్తీ తిరిగే పోలీసుల్లో తిమ్మిర్లు, మర్మాంగాల్లో స్పర్శ తగ్గడం, లైంగిక సమస్యలు చూసి వాళ్లు దీన్ని ప్రత్యేకంగా పరిశీలించారు. 2008లో అచ్చయిన అధ్యయనంలో 90 మంది మగ పోలీసులకి ముందు ముక్కు లేని సీట్లు ఇచ్చి ఆరు నెలలు తొక్కించారు. మొదట్లో 73 శాతం మందికి తొక్కేటప్పుడు తిమ్మిరి ఉండేది, ఆరు నెలల తర్వాత అది 18 శాతానికి తగ్గింది. ఆడవాళ్లకి కూడా ఒత్తిడి పడేది ఆ ముక్కు దగ్గరే. కూర్చునే ఎముకల మీద బరువు పడాలి, మధ్యలో పడకూడదు. ముక్కు లేని సీటు, మధ్యలో గాడి ఉన్న సీటు, వెడల్పు సీటు, మూడూ అడిగి, ఒక్కోదాని మీద కనీసం పది నిమిషాలు కూర్చుని చూడమని చెప్పు. మెత్తగా ఉంది కదా అని దూది సీటుకి పడిపోవద్దు, కాసేపటికి అది అణిగి మధ్యలోకే పొడుచుకొస్తుంది.

అన్నిటికంటే ముఖ్యం, షోకి వెళ్లే ఇద్దరిలో ఒకరు ఆడవాళ్లు ఉండాలని మీ పైవాళ్లకి రాతపూర్వకంగా అడుగు. నీ కొలత నీ కంటే బాగా ఇంకొకరు చెప్పలేరు.

ప్రశ్న: నేను నర్సుగా రిటైరయ్యాను. రొట్టెల పండగకి ఏటా మెడికల్ క్యాంపులో సేవ చేస్తాను. స్వర్ణాల చెరువు ఘాట్ దగ్గర ఎవరైనా పడిపోతే స్ట్రెచర్ పోవడానికే దారి ఉండదు. సైకిల్ మీద ఫస్ట్ ఎయిడ్ తీసుకుపోవడం కుదురుతుందా? షోలో అలాంటివి ఉంటాయా?
— మూలాపేట, నెల్లూరు

జవాబు: కుదురుతుంది అక్కా, లండన్‌లో ఎప్పటినుంచో చేస్తున్నారు. అక్కడ అంబులెన్స్ సర్వీసులో పారామెడిక్‌గా ఉన్న టామ్ లించ్ ఒకప్పుడు సైకిల్ రేసులు తొక్కినవాడు. ట్రాఫిక్‌లో అంబులెన్సులు ఇరుక్కుపోవడం చూసి, సైకిల్ మీద ముందు ఒక మనిషి పోతే బాగుంటుందని ఆలోచించాడు. 2000లో మొదలుపెట్టారు. గుండెకి షాక్ ఇచ్చే డీఫిబ్రిలేటర్, ఆక్సిజన్, మందులు సంచుల్లో పెట్టుకుని పోతారు, వెనక అంబులెన్స్ వచ్చేదాకా మనిషి ప్రాణం నిలబెడతారు.

నీకు చెప్పాల్సిన పని లేదు గానీ మిగతా పాఠకుల కోసం రాస్తున్నాను. గుండె ఆగిపోయిన మనిషికి ఏ సాయమూ అందకపోతే, గడిచిన ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతూ పోతుంది. పండగ రోజున బారాషహీద్ దర్గా చుట్టూ ఎంత జనం ఉంటారో నెల్లూరువాళ్లకి తెలుసు. పెళ్లి రొట్టె కోసం, ఉద్యోగ రొట్టె కోసం, చదువు రొట్టె కోసం ఎక్కడెక్కడినుంచో వచ్చి నీళ్లలో దిగి నిలబడతారు. గేటు దగ్గర 108 ఆగిపోతే అక్కడినుంచి ఘాట్ దాకా నడిచిపోయేసరికి ఎన్ని నిమిషాలు పోతాయో నువ్వే చూసుంటావు. జనం మధ్యలో సైకిల్ తొక్కడం కుదరదు నిజమే, కానీ నడిపించుకుంటూ పోవచ్చు, బరువంతా సైకిలే మోస్తుంది, జనం పలచబడిన చోట ఎక్కి తొక్కొచ్చు.

షోలో మెడికల్ సైకిల్ అని బోర్డు పెట్టి అమ్మేవి నీకు కనపడకపోవచ్చు. నువ్వు చూడాల్సింది క్యారియర్లు, సంచులు అమ్మే స్టాళ్లు. డీఫిబ్రిలేటర్ ఒకటిన్నర నుంచి మూడు కిలోల దాకా ఉంటుంది, అది కుదుపులకి తట్టుకోవాలి, తడవకూడదు. "వాటర్‌ప్రూఫ్" అని రాసుంటే నమ్మొద్దు, ఏ రేటింగ్ అని అడుగు. ఐపీఎక్స్4 అంటే నీటి తుంపరలకి ఆగుతుంది. ఐపీఎక్స్7 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా లోపలికి నీరు పోదు. చెరువు గట్టు మీద పని కాబట్టి నీ సంచికి రెండోది అడుగు. ఇంకొక్క మాట, సంచిని ఒక చేత్తో ఊడదీయగలగాలి. స్టాల్లో రెండు చేతులతో, నిదానంగా, నవ్వుతూ తీసి చూపిస్తారు. నువ్వు చేతికి గ్లవ్స్ వేసుకుని, ఒక చేత్తో, టైమ్ పెట్టుకుని తీసి చూడు. ఒక స్టాల్లో నేను అలా లాగితే క్లిప్పు ఊడి నా చేతికే వచ్చింది. ఆ అమ్మాయి నొచ్చుకుంది గానీ, అది చెరువు గట్టు మీద జరగకుండా అక్కడే జరిగినందుకు నాకు సంతోషం వేసింది.

ప్రశ్న: కందుకూరులో సైకిల్ షాపు నాది, మా నాన్న కాలం నుంచి ఉంది. స్టేషన్ సైకిళ్లు నేనే చూస్తాను. ఈ కొత్త సైకిళ్లతో విసిగిపోతున్నా. గాలి కొట్టాలంటే వాల్వు వేరే, టైరు దొరకదు. షోకి నేను పోవడం వల్ల ఏమైనా లాభం ఉందా?
— సైకిల్ షాపు యజమాని, కందుకూరు

జవాబు: నువ్వు తప్పకుండా పోవాలి. నన్నడిగితే పోలీసు ఒక్కడే పోవడం కంటే పోలీసూ మెకానిక్కూ కలిసి పోవాలి.

వాల్వు సంగతి చదివేవాళ్లకి చెబుతాను. మన పాత సైకిళ్లకి లోపల వాల్ ట్యూబు వేసే డన్‌లప్ రకం వాల్వు ఉంటుంది. మోటారు సైకిళ్లకి ఉండే లావు వాల్వు ష్రేడర్. ఖరీదైన సైకిళ్లకి సన్నగా, పైన బుల్లి నట్టు తిప్పి తెరిచే ప్రెస్టా వాల్వు వస్తుంది. ప్రెస్టాకి మన ఊళ్లో పెట్రోలు బంకులో గాలి కొట్టలేరు, చిన్న ఇత్తడి అడాప్టర్ ఉండాలి. బీటు సైకిల్‌కి ష్రేడరే కావాలని రాయించండి, ఏ బంకులోనైనా గాలి దొరుకుతుంది.

ఇక ముళ్లు. సర్కారు తుమ్మ, పల్లేరు లేని దారి మన రెండు జిల్లాల్లో ఎక్కడుంది? టైరు స్టాళ్లలో టైర్లని అడ్డంగా కోసి పెడతారు, లోపల పొరలు కనపడేటట్టు. నడి టైరులో ముల్లుకి అడ్డంగా వేసిన పొర ఎంత మందం ఉందో వేలితో నొక్కి చూడు. వీలుంటే ఇక్కడినుంచే నాలుగు తుమ్మ ముళ్లు అగ్గిపెట్టెలో వేసుకుని పో, అడిగి ఆ ముక్కలోకి గుచ్చి చూడు. సైజుల సంగతి కూడా అప్పుడే తేల్చు. 26, 27.5, 29 అంగుళాల చక్రాల్లో దేనికి టైరూ ట్యూబూ నీకు మామూలుగా సరఫరా అవుతాయో అదే కొనమని చెప్పు.

కొత్తపట్నం, మైపాడు వైపు డ్యూటీ ఉంటే ఉప్పుగాలి గుర్తుపెట్టుకో. చక్రం పుల్లలు స్టెయిన్‌లెస్ స్టీలువా, పూత వేసినవా అని అడుగు. పూతవి మొదట్లో ఒకేలా మెరుస్తాయి, తర్వాత పుల్ల చివర బిగించే నిప్పుల్ దగ్గర తుప్పు పట్టి ఒక్కొక్కటే టక్కున తెగుతాయి. ఆ పని మళ్లీ నీ మీదే పడుతుంది.

ప్రశ్న: జీపులు, మోటారు సైకిళ్లు, డ్రోన్లు వచ్చిన ఈ కాలంలో పోలీసులకి సైకిళ్లేంటండీ? దీనికోసం చెన్నై దాకా పోయి షోలు చూడటం దండగ ఖర్చు కాదా?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, సింగరాయకొండ

జవాబు: మాస్టారూ, మీరు అడిగింది న్యాయమైన ప్రశ్న. కార్లకి పుట్టిల్లులాంటి అమెరికాలోనే దీనికి జవాబు ఉంది. 1987లో సియాటిల్ నగరం నడిబొడ్డున బస్సుల సొరంగం కోసం రోడ్లు తవ్వితే పోలీసు కార్లు ట్రాఫిక్‌లో కదల్లేకపోయాయి. ఇద్దరు పోలీసులు మౌంటెన్ సైకిళ్లు ఎక్కారు. పిలిచిన చోటికి కారు కంటే ముందు చేరుతున్నారని చూసి మిగతా ఊళ్లు పట్టుకున్నాయి. ఇవాళ వాళ్లకి అంతర్జాతీయ పోలీసు మౌంటెన్ బైక్ సంఘమే ఉంది. అందులో పోలీసులే కాదు, అంబులెన్సువాళ్లు, సెక్యూరిటీవాళ్లు కూడా ఉంటారు. జనం భద్రత కోసం సైకిల్ తొక్కేవాళ్లంతా ఒక వర్గం అని వాళ్ల లెక్క, నాకది నచ్చింది.

షోల సంగతి. ఇంటర్‌బైక్ అని అమెరికాలో పెద్ద సైకిల్ ట్రేడ్ షో చాలా ఏళ్లు లాస్ వేగాస్‌లో జరిగింది, 2018లో రెనోకి మార్చారు, ఆ తర్వాత ఆగిపోయింది. లాస్ వేగాస్‌లో ఉన్నప్పుడు హాల్లో షో మొదలయ్యే ముందు ఊరి బయట బూట్‌లెగ్ కాన్యన్ అనే రాళ్ల కొండ దగ్గర అందరికీ సైకిళ్లిచ్చి తొక్కి చూడమనేవాళ్లు. దుమ్ములో, ఎండలో, ఎత్తుపల్లాల్లో. జర్మనీలో యూరోబైక్ 1991 నుంచి ఫ్రీడ్రిక్స్‌హాఫెన్‌లో జరిగి, 2022లో ఫ్రాంక్‌ఫర్ట్‌కి మారింది. మన దగ్గర జరిగే షోలలో కూడా ఒక పూట కార్పెట్ వదిలి బయట రోడ్డు మీద తొక్కనిచ్చేటట్టు నిర్వాహకులని అడగాలని నా కోరిక, ఎక్కువమంది అడిగితే చేస్తారు.

దండగ అన్నారు. నేను పైన రాసిన ఐదు సైకిళ్లు చూశారు కదా, సరిగ్గా చూడకుండా కొన్నందుకు ఆ డబ్బు పోయింది. ఇద్దరికి రైలు టికెట్లు, ఒక రాత్రి లాడ్జి ఖర్చు దాని ముందు ఎంత? జీపులో పోయే పోలీసుకి అద్దంలోంచి ఊరు కనపడుతుంది. సైకిల్ మీద పోతుంటే టీ కొట్టాయన పిలిచి, "రాత్రి మా వెనక ఎవరో కొత్తవాళ్లు తిరిగారు సార్" అని చెబుతాడు. నా సర్వీసులో నాకు దొరికిన సమాచారంలో ఎక్కువ భాగం అట్లా వచ్చిందే.

ప్రశ్న: బ్యాటరీ సైకిళ్లు తీసుకుంటే మేలు కదా? లైసెన్సు కావాలా?
— కావలి

జవాబు: మోటారు పావు కిలోవాటు లోపు, వేగం గంటకి 25 కిలోమీటర్ల లోపు ఉంటే రిజిస్ట్రేషన్, లైసెన్సు అక్కర్లేదు. రోహిణి కార్తెలో తొక్కేవాళ్లకి అది పెద్ద ఉపశమనమే. కానీ షోలో బ్యాటరీ ఆపేసి తొక్కి చూడండి. రాత్రి మూడింటికి ఛార్జింగ్ అయిపోతే మీరు ఇంటికి తెచ్చుకోవాల్సింది ఆ బరువునే. బ్యాటరీ ఊడదీసి స్టేషన్ లోపల ఛార్జింగ్ పెట్టుకునే వీలుందా, కొత్త బ్యాటరీ ధర ఎంత, ఇవి రెండూ అడగండి. రెండో దానికి జవాబు చెప్పడానికి చాలామంది నసుగుతారు, వదలొద్దు.

ప్రశ్న: హెల్మెట్లు, లైట్ల గురించి కూడా రెండు ముక్కలు రాయండి సార్. మా రోడ్లో గ్రానైట్ లారీలు ఎక్కువ.
— చీమకుర్తి

జవాబు: మోటారు సైకిల్ హెల్మెట్ పెట్టుకుని సైకిల్ తొక్కితే మన ఎండకి కళ్లు తిరుగుతాయి. సైకిల్ హెల్మెట్ వేరు. లోపల ఈఎన్ 1078 అని గానీ, సీపీఎస్‌సీ అని గానీ స్టిక్కరు ఉందా చూడండి, యూరప్, అమెరికా పరీక్షల గుర్తులు అవి. ఒకసారి గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్ పైకి బాగానే కనపడినా మార్చేయాలి, లోపలి థర్మోకోల్ నలిగిపోయి ఉంటుంది.

లైట్లు రెండు రకాలు, మనం చూడటానికి ఒకటి, మనం కనపడటానికి ఒకటి. లారీల రోడ్డు మీద రెండోదే ప్రాణం. వెనక ఎర్ర లైటు సంచి చాటున పడకుండా, సంచి కట్టాక కూడా కనపడే ఎత్తులో ఉందా అని స్టాల్లోనే చూడాలి, అందరూ మర్చిపోయేది ఇదే. సైకిళ్లకి రిఫ్లెక్టర్ల నాణ్యత మీద కేంద్ర ప్రభుత్వం 2020లో ఆర్డర్ కూడా తెచ్చింది, కాబట్టి ముందు, వెనక, పెడల్స్‌కి రిఫ్లెక్టర్లు లేని సైకిల్ చూపిస్తే అక్కడే అడగండి. పెడల్ రిఫ్లెక్టర్ పైకీ కిందికీ కదులుతుంది కాబట్టి లారీ డ్రైవర్‌కి దూరంనుంచే అది సైకిల్ అని తెలుస్తుంది.

ప్రశ్న: అన్నా, మళ్లీ నేనే, నెల్లూరు హెడ్ కానిస్టేబుల్‌ని. ఇంకొక్క సందేహం. స్టాళ్లలో బ్యాగులు, టీషర్టులు ఇస్తారంట, తీసుకోవచ్చా? వచ్చాక రిపోర్టు ఎట్లా రాయాలి?

జవాబు: వద్దు తమ్ముడూ. 1964 నాటి మన ఉద్యోగుల ప్రవర్తన నియమాలు నీకూ వర్తిస్తాయి, రేపు ఆ కంపెనీకే టెండర్ వస్తే నీ టీషర్టు గురించి మాట్లాడతారు. క్యాటలాగు, ధరల కాగితం తీసుకో, ఇంకేదైనా ఇస్తే నవ్వి వెనక్కిచ్చెయ్.

రిపోర్టు అదే రోజు రాత్రి రైల్లోనే రాయడం మొదలుపెట్టు, తెల్లారితే అన్ని సైకిళ్లూ ఒకేలా కనపడతాయి. సంచి వేసి తొక్కిన సైకిళ్లు ఏవి, ఒక్కోదాని మీద మడమ తగిలిందా, స్టాండు ఆగిందా, ఎవరు కాగితం మీద వారంటీ రాసిచ్చారు, ఇవి రాయి. సంచి చూసి తొక్కనివ్వని కంపెనీల పేర్లు కూడా విడిగా ఒక పేజీలో పెట్టు.